దవడలో మర: ఆరేళ్ళు నమిలాక ఒక టర్నర్ రాస్తున్న మాట

నేను లేత్ మీద పనిచేసేవాణ్ణి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇనుము, ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు, అప్పుడప్పుడు టైటానియం కోస్తూ, మరలు తీస్తూ బతుకుతున్నాను. నా ఎడమ కింది దవడలో ఇంప్లాంట్, అంటే పోయిన పన్ను చోట ఎముకలోకి దింపే టైటానియం మర, పెట్టించుకుని ఆరేళ్ళు దాటింది. పెట్టించుకునే ముందు ఇతరుల అనుభవాలు చాలా చదివాను. దాదాపు అన్నీ కొత్త పన్ను వచ్చిన మొదటి వారంలో, ఆ సంతోషంలో రాసినవే. నాలుగో ఏడు ఎలా ఉంటుందో ఒక్కరూ రాయలేదు. ఆ లోటు నాకు బాగా తెలిసొచ్చింది కాబట్టి నేను ఆగి ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

మార్కులు ముందే చెప్పేస్తాను. వస్తువుకు ఐదుకు నాలుగున్నర. ఆ వస్తువు గురించి పెట్టేముందు మనకు చెప్పే తీరుకు ఐదుకు రెండు. ఈ రెండో అంకె కోసమే ఇంత రాస్తున్నాను.

పోయింది మొదటి పెద్ద దవడ పన్ను. ఆరేళ్ళ వయసులో వస్తుంది, జీవితాంతం నమిలే బరువులో పెద్ద వాటా మోస్తుంది. నాకు దానికి ఎప్పుడో రూట్ కెనాల్ అయింది, పైన క్యాప్ ఉంది. పదకొండేళ్ళు బాగానే పనిచేసింది. ఒకరోజు గట్టి గింజ ఒకటి దాని కింద పడింది. నొప్పి పెద్దగా లేదు, కానీ ఆ మర్నాటి నుంచి ఆ పక్క చిగురు మీద చిన్న పొక్కు లేచి చితుకుతూ, మళ్ళీ లేస్తూ ఉండేది. డాక్టర్ సన్నని కొలపుల్లతో చిగురు చుట్టూ లోతు కొలిచారు. అంతటా రెండు మూడు మిల్లీమీటర్లే దిగింది, ఒక్కచోట మాత్రం తొమ్మిది దిగింది. "వేరు నిలువునా చీలిందండీ. ఇక అతకదు" అన్నారు. పగుళ్ళు వచ్చిన షాఫ్టును ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అడ్డంగా విరిగితే ఏదో ఒక దారి ఉంటుందేమో గానీ, నిలువు పగులుకు లేదని నాకు తెలుసు. తీయించేశాను.

ఆ తర్వాత చేసిన తప్పు నాదే. పద్నాలుగు నెలలు ఊరుకున్నాను. పన్ను లేని చోట ఎముక ఊరుకోదు. నమిలే ఒత్తిడి అందనప్పుడు శరీరం ఆ ఎముకను కరిగించుకుంటుంది. అరుగుదలలో పెద్ద భాగం మొదటి ఏడాదిలోనే జరిగిపోతుంది, ఆ ఏడాదిలో వెడల్పులో దాదాపు సగం పోవచ్చు. పన్ను తీసిన రోజు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. "గాయం మానాక రండి, చూద్దాం" అన్నారంతే. గాయం మూడు వారాల్లో మానింది, నొప్పి లేదు, నేను వెళ్ళలేదు. పన్ను తీయించుకునే వాళ్ళెవరికైనా, ఆ కుర్చీలోంచి లేవకముందే ఈ ఒక్క విషయం చెప్పి తీరాలని నా గట్టి అభిప్రాయం.

మధ్యలో మూడు నెలలు తీసి పెట్టుకునే పన్ను వాడి చూశాను. ఒక్క పన్ను కోసం లోపల నాలుక పక్కన అంత ప్లాస్టిక్, పక్క పళ్ళకు తీగ కొక్కేలు. మాట్లాడుతుంటే అది కదిలేది. భోజనం కాగానే తీసి కడగాలి. ఒకేసారి చాలా పళ్ళు పోయినవాళ్ళకు, ఆపరేషన్ కుదరని వాళ్ళకు అది నిజంగా పనికొస్తుంది, దాన్ని తక్కువ చేయను. నాకు పడలేదు. రెండో దారి బ్రిడ్జి. దానికి ముందు పన్నునూ వెనక పన్నునూ చుట్టూ చెక్కి, మూడు క్యాపులు కలిపి ఒక్క ముక్కగా తొడుగుతారు. నా ఆ రెండు పళ్ళకూ ఒక్క మచ్చ కూడా లేదు. కొలత సరిగ్గా ఉన్న రెండు మంచి భాగాలను మూడోదాని కోసం అరగదీయడానికి నా చెయ్యి రాదు, నోట్లోనైనా సరే. ఆ పక్క పళ్ళకు ముందే పెద్ద ఫిల్లింగులు గానీ, క్యాపులు గానీ ఉండుంటే బ్రిడ్జే మేలయ్యేదేమో. అది ఎవరి నోటిని బట్టి వాళ్ళది.

ఇంప్లాంట్ కోసం మొదట వెళ్ళిన ఆసుపత్రి పేరు చెప్పను. అక్కడ నోరు తెరిచి చూసి, మామూలు వెడల్పాటి ఎక్స్‌రే ఒకటి తీసి, పావుగంటలో తేదీ ఇచ్చేశారు. నేను ఏ మందులు వాడతానో అడగలేదు. పొగ తాగుతానా అని అడగలేదు. ఏ కంపెనీ ఇంప్లాంట్ అని నేనడిగితే "మంచిదే వేస్తామండీ, జీవితాంతం గ్యారంటీ" అన్నారు. మా షాపులో ఒక మామూలు బేరింగు కొన్నా దాని మీద నంబరు చూడకుండా బిగించం. నా ఎముకలో బిగించేదానికి నంబరు చెప్పరా? లేచి వచ్చేశాను.

రెండోచోట డాక్టర్ మొదటి రోజు నోట్లో పనిముట్టు పెట్టలేదు, ప్రశ్నలే వేశారు. చక్కెర వ్యాధి ఉందా, ఉంటే అదుపులో ఉందా? ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు ఎప్పుడైనా వాడారా? వాటిలో కొన్ని రకాలు వాడినవాళ్ళకు దవడ ఎముక గాయం మానకపోయే ప్రమాదం ఉందట. తలకు, మెడకు రేడియేషన్ తీసుకున్నారా? రాత్రి నిద్రలో పళ్ళు కొరుకుతారా? తర్వాత త్రీడీ స్కాన్ తీశారు. తెర మీద నా దవడను బ్రెడ్డు కోసినట్టు ముక్కలు ముక్కలుగా చూపించారు. పైన ఎముక వెడల్పు ఏడు మిల్లీమీటర్లు. కింద, ఎముక లోపల ఒక సన్నని సొరంగంలో పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరం పోతుంది. పై అంచు నుంచి ఆ నరం దాకా పదమూడున్నర మిల్లీమీటర్లు. "నరానికి కనీసం రెండు మిల్లీమీటర్లు దూరం ఉంచాలి. పది మిల్లీమీటర్ల పొడవుది వేస్తాను, మూడున్నర మిగులుతుంది" అన్నారామె. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. డ్రాయింగ్ చూడకుండా డ్రిల్లు పట్టేవాణ్ణి నేనెప్పుడూ నమ్మలేదు. మామూలు ఎక్స్‌రేలో ఎత్తు తెలుస్తుంది, వెడల్పు తెలియదు. ఏడు మిల్లీమీటర్లు ఉందో నాలుగే ఉందో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

వెడల్పు ఇంకొంచెం తగ్గి ఉంటే ముందు ఎముక పొడి నింపి, నాలుగైదు నెలలు ఆగి, అప్పుడు ఇంప్లాంట్ వేయాల్సి వచ్చేదట. పద్నాలుగు నెలల నిర్లక్ష్యానికి అంచుదాకా వెళ్ళి తప్పించుకున్నాను. పై దవడ వెనక పళ్ళకైతే ఇంకో చిక్కు ఉంది. అక్కడ పైన నరం ఉండదు, గాలి నిండిన సైనస్ గది ఉంటుంది. పన్ను పోయాక ఆ గది కిందికి దిగుతుంది, ఎముక ఎత్తు తగ్గుతుంది. అలాంటప్పుడు సైనస్ పొరను పైకెత్తి కింద ఎముక పొడి నింపుతారు.

ఇంప్లాంట్ అనేది నిజానికి మూడు ముక్కల జోడింపు అని చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. ఎముకలో ఉండే మర ఒకటి. దాని లోపలి రంధ్రంలో కూర్చునే అడాప్టర్ లాంటి ముక్క రెండోది, దాన్ని అబట్‌మెంట్ అంటారు. పైన కనిపించే క్యాపు మూడోది. నాకు వేసిన మర 4.2 మిల్లీమీటర్ల వ్యాసం, పది మిల్లీమీటర్ల పొడవు. వేసేముందు దాన్ని గాజు గొట్టంలోనే చూపించారు. నేను చూసిన మొదటి సంగతి దాని ఉపరితలం. మా పనిలో నునుపు కోసం ప్రాణం పెడతాం. ఇదేమో గరుకుగా, బూడిద రంగులో మెరుపు లేకుండా ఉంది. ఇసుక లాంటి రేణువులతో కొట్టి, యాసిడ్‌లో నానబెట్టి కావాలనే అలా చేస్తారట, ఎముక కణాలు పట్టుకోవడానికి. తర్వాత తెలిసింది, మొదటి తరం ఇంప్లాంట్లు లేత్ మీద తిప్పిన నునుపు మరలేనని. అది చదివినప్పుడు నా పనిమీద నాకు కొత్త ప్రేమ కలిగింది. నాలాంటి ఒక టర్నర్ ఎక్కడో కూర్చుని ఆ మొదటి మరలు తిప్పి ఉంటాడు.

ఆ కథ కూడా చెప్పకుండా ఉండలేను. స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే డాక్టర్ 1952లో ఎముకలో రక్తప్రసరణ ఎలా జరుగుతుందో చూడ్డానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక ఆ లోహంతో ఒకటైపోయింది. ఆయన వెతుకుతున్నది వేరు, దొరికింది ఇది. 1965లో మొదటి మనిషి దవడలో పెట్టాడు. ఆ మనిషి 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళకు పైగా, ఆ ఇంప్లాంట్లు వాడుతూనే ఉన్నాడు. టైటానియం మీద గాలి తగలగానే క్షణంలో ఒక సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. శరీరానికి తగిలేది ఆ పొరే, దాన్ని శరీరం పరాయిదిగా తోసేయదు. టైటానియం కోసినవాళ్ళకు ఆ లోహం గుణం తెలుసు. వేడిని చిప్స్‌తో బయటికి పోనివ్వదు, కట్టర్ మొన దగ్గరే ఉంచుతుంది. పట్టుకుందంటే వదలదు. షాపులో తిట్టుకున్న గుణమే దవడలో వరమైంది.

ఆపరేషన్ రోజు గురించి భయపడేవాళ్ళ కోసం వివరంగా రాస్తాను. మత్తు ఇంజెక్షన్ తప్ప నొప్పి అన్నది లేదు. పెదవి సగం మొద్దుబారాక చిగురు కోసి పక్కకు తీశారు. తర్వాత డ్రిల్లింగ్. మొదట సన్నని పైలట్ డ్రిల్లు, రెండు మిల్లీమీటర్లది. దాని తర్వాత ఒక్కో సైజు పెంచుతూ ఇంకో మూడు. ఒకేసారి పెద్ద డ్రిల్లు దింపరు, మేమూ దింపం. ఆపకుండా సెలైన్ నీళ్ళు పోస్తూనే ఉన్నారు. లోహం కోసేటప్పుడు వేడెక్కకుండా పోసే కూలెంట్ ఎందుకో ఎముకకు నీళ్ళూ అందుకే, కాకపోతే ఇక్కడ గీత చాలా కిందుంది. ఎముక నలభై ఏడు డిగ్రీల వేడిలో ఒక నిమిషం ఉంటే చాలు, ఆ చుట్టూ కణాలు దెబ్బతింటాయి. చచ్చిన ఎముక దేన్నీ పట్టుకోదు. డ్రిల్లు దింపి, పైకి లేపి, నీళ్ళు లోపలికి పోనిచ్చి మళ్ళీ దింపుతున్న ఆ లయ నాకు చెవులతోనే తెలిసింది. లోతైన రంధ్రం చేసేటప్పుడు మేం చేసేదీ అదే. కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నాను. పని తెలిసిన చెయ్యి అని అప్పుడే అనుకున్నాను.

మర దింపడం మాత్రం చాలా నెమ్మది. చివర్లో టార్క్ రెంచి, అంటే ఎంత బిగువు పడుతోందో కొలిచే పానా, పెట్టారు. ముప్పై ఐదు న్యూటన్ సెంటీమీటర్ల దగ్గర ఆగింది. మా దగ్గర నాలుగు మిల్లీమీటర్ల మామూలు బోల్టుకే దానికి ఎన్నో రెట్లు బిగువిస్తాం. అంత సున్నితమైన బిగువు మీద జీవితాంతం నమలాలా అనిపించింది. అసలు పట్టు ఆ రోజు బిగించినది కాదని తర్వాత అర్థమైంది.

అసలు పట్టు ఆ తర్వాత మూడు నెలల్లో వస్తుంది. మొదటి రోజు మర కేవలం రాపిడితో నిలబడుతుంది, చెక్కలో స్క్రూ నిలిచినట్టు. ఆ తర్వాత శరీరం ఆ నొక్కుడుపడిన పాత ఎముకను కొంచెం కొంచెంగా తీసేసి కొత్తది కట్టుకుంటుంది. పాతది పోయి కొత్తది ఇంకా గట్టిపడని మధ్యకాలం ఒకటుంది, సుమారు మూడు, నాలుగు వారాల దగ్గర. మొదటి రోజుకంటే ఆ రోజుల్లోనే మర పట్టు తక్కువ. మనిషికేమో అప్పటికి నొప్పి పోయి, కుట్లు ఊడి, ధైర్యం వచ్చి ఆ పక్క నమలాలనిపిస్తుంది. ఈ ఒక్క ముక్క డాక్టర్ నాకు చెప్పకపోయి ఉంటే నేను నమిలేసేవాణ్ణే. ఆరోగ్యంగా ఉన్న కింది దవడకు మూడు నెలలు, మెత్తని ఎముక ఉండే పై దవడకు ఆరు నెలల దాకా ఆగడం పాతకాలం నుంచి వస్తున్న లెక్క. ఇప్పుడు అంతకంటే త్వరగా క్యాపు వేసేవాళ్ళు ఉన్నారు. అదే రోజు పళ్ళు పెట్టడమూ ఉంది, మర మంచి బిగువుతో దిగినప్పుడు అది సాధ్యమే. అందరికీ సాధ్యం కాదు, "ఒక్కరోజులో పళ్ళు" అన్న మాట ఈ షరతు లేకుండా చెప్పకూడదు.

వాపు రెండో రోజు, మూడో రోజు ఎక్కువైంది, ఐదో రోజుకు పోయింది. మాత్రలు మూడు రోజులే వేసుకున్నాను. పన్ను పీకించుకున్నప్పటి నొప్పి దీనికంటే ఎక్కువ. పుక్కిలించమని ఇచ్చిన మందు పళ్ళ మీద గోధుమ రంగు మరకలు పెట్టింది, తర్వాత క్లీనింగ్‌లో పోయాయి. ఐదో వారంలో ఒక గాభరా. చిగురు పైకి కనిపించే చిన్న లోహపు మూత, చిగురు గుండ్రంగా మానడానికి పెట్టేది, నాలుకకు తగిలి ఊడి చేతిలోకి వచ్చింది. ఇంప్లాంట్ ఊడిందనుకుని చెమటలు పట్టాయి. అది మూత మాత్రమే. కానీ చిగురు ఒకటి రెండు రోజుల్లోనే కప్పేస్తుందట, అందుకని ఆ సాయంత్రమే వెళ్ళి బిగించుకున్నాను. మీకూ ఇలా అయితే మూతను పారేయకుండా డబ్బాలో వేసుకుని వెంటనే వెళ్ళండి.

క్యాపు దగ్గర ఒక నిర్ణయం ఉంది. చాలామంది రోగుల దాకా అది రాదు, డాక్టరే తీసేసుకుంటారు. క్యాపును సిమెంటుతో అతికించవచ్చు, లేదా పైనుంచి స్క్రూతో బిగించవచ్చు. సిమెంటుదైతే పైన రంధ్రం ఉండదు, చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ చిగురు కిందికి జారిన సిమెంటు మిగిలిపోతే అక్కడ చీము పట్టి ఎముక తినేస్తుంది, పైగా తర్వాత తీయాలంటే కష్టం. నేను స్క్రూదే అడిగాను. విప్పడానికి వీలులేని జాయింటు నాకు నచ్చదు. జిర్కోనియా (పింగాణీ లాంటి గట్టి తెల్లని పదార్థం) క్యాపు వచ్చింది, పైన రంధ్రంలోంచి స్క్రూ బిగించారు, టార్క్ రెంచితోనే. పది నిమిషాలు ఆగి మళ్ళీ అదే కొలతకు బిగించారు. కొత్తగా ఒకదానికొకటి ఆనిన లోహపు ముఖాల మీది సన్నని గరుకు అణిగాక బిగువు కొంచెం తగ్గుతుంది, అందుకని. మా కుర్రాళ్ళకు ఇది నేర్పడానికి నాకు ఏళ్ళు పట్టింది. తర్వాత స్క్రూ తల మీద తెల్లని టేపు కుక్కి, పైన పంటి రంగు ఫిల్లింగు పెట్టారు. ఆ టేపు ఏమిటా అని చూస్తే టెఫ్లాన్ టేపు, మేం గాలి గొట్టాల జాయింట్లకు చుట్టేదే.

కొరుకు సరిచూడ్డానికి నీలం కాగితం కొరికించారు, ఆ తర్వాత కొన్ని మైక్రాన్ల మందం ఉన్న రేకు. మెల్లగా కొరికితే పక్క పళ్ళ మధ్య రేకు బిగిసింది, కొత్త పన్ను దగ్గర జారి వచ్చేసింది. గట్టిగా కొరికితేనే అక్కడ పట్టింది. ఫీలర్ గేజ్‌తో సందు చూసే నాకు అది తప్పుగా తోచింది, అడిగాను. అది కావాలనే చేసినదట. అసలు పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారల పొర ఉంటుంది. గట్టిగా కొరికితే పన్ను ఆ పొరలోకి రవ్వంత దిగుతుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు, ఎముకకు నేరుగా అంటుకుని ఉంటుంది, దిగదు. అన్నీ సమానంగా తగిలేలా పెడితే గట్టి కొరుకులో పక్కవి దిగుతాయి, బరువంతా దీని మీద పడుతుంది.

ఆ పొర లేకపోవడమే ఇంప్లాంట్ మంచికీ చెడ్డకీ మూలమని ఆరేళ్ళ తర్వాత అంటాను. ఆ పొరలోనే స్పర్శ ఉంటుంది. నా మిగతా పళ్ళ మధ్య వెంట్రుక పడినా తెలుస్తుంది. ఇక్కడ చాలా గట్టిదేదో పడితే తప్ప తెలియదు, అది కూడా ఎముకలోంచి వచ్చే చప్పుడు లాగా. మొదటి నెల రెండు చెవుల్లో ఒక చెవి మూసుకుపోయినట్టు ఉండేది నమలడం. తర్వాత అలవాటైంది. ఇది పుచ్చదు, జివ్వుమనదు, చల్లటి నీళ్ళకు లాగదు. కానీ చుట్టూ చిగురులో వాపు వచ్చి లోపల ఎముక కరిగిపోతున్నా నొప్పి పెట్టదు. పన్నైతే ఏడ్చి గోల చేస్తుంది, ఇది నోరెత్తదు. ఈ మాట ఏ కరపత్రంలోనూ పెద్ద అక్షరాలతో నాకు కనబడలేదు.

మా షాపులో వెల్డింగ్ చేసే స్నేహితుడికి అలాగే అయింది. పై దవడలో పెట్టించుకున్నాడు, పొగ మానలేదు. నాలుగో నెలలో క్యాపుకు అచ్చు తీయబోతే మర మొత్తం పనిముట్టుతో పాటు తిరిగింది. నొప్పి లేదు. ఎముక అసలు పట్టుకోనే లేదు. పొగ తాగేవాళ్ళకు ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం ఎక్కువ, చక్కెర అదుపులో లేనివాళ్ళకూ అంతే. అందరినీ కలిపి చూస్తే పదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా నిలిచే వస్తువు ఇది. ఆ మిగిలిన కొద్దిమందిలో అతనొకడయ్యాడు. పొగ మానేసి, ఎముక పొడి నింపించుకుని, ఏడాదిన్నర తర్వాత మళ్ళీ వేయించుకున్నాడు. రెండోది నిలిచింది. ఆ రోజు అతని కళ్ళల్లో నీళ్ళు చూశాను.

ఇక అసలు ఫిర్యాదు. దవడ పన్ను వేళ్ళ దగ్గర దాదాపు పది మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఇంప్లాంట్ నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ. దాని మీద పది మిల్లీమీటర్ల క్యాపు కూర్చుంటే పుట్టగొడుగులా కింద రెండు పక్కలా బోలు మిగులుతుంది. అందులో తిన్నది ఇరుక్కుంటుంది, రోజూ, ప్రతి పూటా. మొదటి వారంలోనే ఇది నాకు తెలిసింది, ముందు ఎవరూ చెప్పలేదు. మామూలు బ్రష్ అక్కడికి పోదు. పళ్ళ సందుల్లోకి వెళ్ళే చిన్న గుండ్రటి బ్రష్ ఉంటుంది, సీసా కడిగే బ్రష్ బుల్లి రూపంలో ఉన్నట్టు. రాత్రి పూట తప్పకుండా, కుదిరితే మధ్యాహ్నం కూడా దాన్ని వాడతాను. సరైన సైజు డాక్టర్ చేత ఎంపిక చేయించుకోవాలి. కొంచెం బిగుతుగా దూరాలి, బలవంతంగా కాదు. తీగ లోహం బయటపడ్డ బ్రష్ వాడకండి. నా మర మీద గీత పడుతుందంటే నాకు ప్రాణం ఒప్పదు.

ఎనిమిదో నెలలో ఒకరోజు క్యాపు కదిలినట్టనిపించింది. చాలా కొంచెం, కానీ కదిలింది. రాత్రంతా నిద్రపట్టలేదు. మర్నాడు డాక్టర్ పైన ఫిల్లింగు తీసి, టేపు లాగి, రెంచి పెట్టి చూపించారు. పావు తిరుగుడు వదులైంది లోపలి స్క్రూ. ఎముకలోని మర రాయిలా ఉంది. కొత్త స్క్రూ వేసి బిగించారు, ఇరవై నిమిషాల పని. సిమెంటు క్యాపు అయ్యుంటే దాన్ని పగలగొట్టాల్సి వచ్చేదేమో. వదులుగా ఉన్నదాన్ని అలాగే వాడితే స్క్రూ లోపలే విరగొచ్చు, విరిగిన స్క్రూను రంధ్రంలోంచి తీయడం ఎంత నరకమో మా పనివాళ్ళందరికీ తెలుసు. కదులుతోందనిపిస్తే ఆ రోజే వెళ్ళండి.

నాలుగో ఏట ఇంకోటి. ఇంప్లాంట్‌కూ దాని ముందు పన్నుకూ మధ్య కొత్తగా పీచు ఇరుక్కోవడం మొదలైంది. మొదట్లో ఆ సందులో దారం కూడా బిగుతుగా దూరేది. అసలు పళ్ళు వయసుతో పాటు రవ్వంత ముందుకు జరుగుతూ ఉంటాయట. ఇంప్లాంట్ జరగదు. అందుకని కొన్నేళ్ళకు ముందు వైపు సందు తెరుచుకుంటుంది. చాలామందికి జరిగేదే అన్నారు. అంత సాధారణమైనది ముందే ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? క్యాపు విప్పి, ల్యాబ్‌కు పంపి, ఆ పక్క కొంచెం పింగాణీ చేర్చి తెచ్చి బిగించారు. మళ్ళీ ఆ స్క్రూ నిర్ణయానికే దండం పెట్టాను. దవడ పెరుగుతున్న పిల్లలకు ఇంప్లాంట్ ఎందుకు వేయరో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. చుట్టూ అన్నీ పెరిగి పైకొస్తాయి, అది మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

ఇంకో చిన్న విషయం, నా దృష్టిలో చాలా పెద్దది. ఇంప్లాంట్ పెట్టె మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, కంపెనీ పేరు, మోడల్, వ్యాసం, పొడవు, బ్యాచ్ నంబరుతో. దాన్ని ఒక కార్డు మీద అతికించి ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే ఫోనులో ఫొటో తీసుకోండి. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో రకం డ్రైవరు, లోపలి జాయింటు ఆకారం కూడా వేరు. పదేళ్ళ తర్వాత ఇంకో డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆ నంబరు లేకపోతే ఆయన దాన్ని విప్పడానికి తాళంచెవి వెతుక్కోవాలి. నా కార్డు పర్సులోనే ఉంటుంది. పోయినేడు నడుముకు ఎంఆర్ఐ తీసేటప్పుడు లోహం ఉందా అని అడిగితే అదే చూపించాను. టైటానియాన్ని అయస్కాంతం లాగదు, ఇబ్బంది లేకుండా అయిపోయింది.

ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకుంటాను. మొదటి ఏడాది మర మెడ దగ్గర ఎముక ఒక మిల్లీమీటరు దాకా తగ్గింది, అది మామూలేనన్నారు. ఆ తర్వాత ఐదేళ్ళ ఫిల్ములు పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి పిట్ట దగ్గరే గీత ఆగి ఉంది. పిట్ట అంటే మా భాషలో మర మీది ఒక్కో చుట్టు. ఆ గీత కదలనంత కాలం నాకు దిగుల్లేదు.

పోయిన నెల కుడివైపు పైన ఒక పన్ను తీసేయాలని తేలింది. ఈసారి ఊరుకోలేదు. తీసిన రోజే ఆ గుంతలో ఎముక పొడి నింపి ఎత్తూ వెడల్పూ కాపాడటం కుదురుతుందా అని ముందే అడిగాను, కుదురుతుందన్నారు. మర కంపెనీ అదే, క్యాపు స్క్రూదే. సైనస్ ఎంత దూరంలో ఉందో చూడ్డానికి స్కాన్ వచ్చే మంగళవారం.